గదర్ తిరుగుబాటు ఓడిపోవడానికి కృపాల్ సింగ్ ఒక్కడే కారణమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "1915 ఫిబ్రవరిలో గదర్ పార్టీ తలపెట్టిన సైనిక తిరుగుబాటు కృపాల్ సింగ్ అనే ఒక్క గూఢచారి వల్ల విఫలమైందని ఒక వీడియోలో చూశాను. అది నిజమేనా? అతను లేకపోతే మనకు 1915లోనే స్వాతంత్ర్యం వచ్చేదా? ఇందులో తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?"

నిజం కాదు. కృపాల్ సింగ్ చెడగొట్టింది ఆ ఒక్క రాత్రిని. అతను లేకపోయినా లాహోర్‌లోనో ఫిరోజ్‌పూర్‌లోనో కొన్నాళ్లు కాల్పులు జరిగి, ఇంకా ఎక్కువమంది చనిపోయేవారు. బ్రిటిష్ రాజ్యం మాత్రం కూలేది కాదని నా అభిప్రాయం. గదరీలు, అంటే గదర్ పార్టీవాళ్లు, అమెరికా, కెనడాల నుంచి తిరిగొచ్చి దేశంలో అడుగుపెట్టే నాటికే వాళ్ల ఉద్దేశం పోలీసులకు తెలుసు. ఊళ్లలో వాళ్లకు అండ లేదు. చేతిలో తుపాకులు లేవు. ఇవన్నీ కృపాల్ సింగ్ రంగంలోకి రాకముందు నుంచీ ఉన్న లోపాలు. తెలుగువాళ్ల సంగతికొస్తే, ఉన్నారు. చివర్లో చెప్తాను.

నేను డిగ్రీ కాలేజీలో ఆధునిక భారత చరిత్ర చెప్పి రిటైరయ్యాను. గదరీల మీద నడిచిన లాహోర్ కుట్ర కేసు తీర్పు, 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక మా పిల్లల చేత చదివించేవాణ్ణి. రెండూ పాలకుల పక్షాన రాసినవే. అయినా ఎవరు ఏ రోజు ఎక్కడున్నారు, ఎవరితో మాట్లాడారు అన్న వివరాలకు వాటిని చూడక తప్పదు. పక్కన గదరీలు తర్వాత రాసుకున్న జ్ఞాపకాలు పెట్టుకుని చదివితే బొమ్మ చాలావరకు తేటపడుతుంది.

ముందు ఈ మనుషులెవరో చూడాలి. 1900 తర్వాత పంజాబ్ నుంచి కెనడాకూ, అమెరికా పడమటి తీరానికీ వెళ్లిన రైతులు వీళ్లు. ఎక్కువమంది సిక్కులు. కొందరు బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు. అక్కడ కలప మిల్లుల్లో, రైలు పట్టాల మీద, పండ్ల తోటల్లో కూలి పని చేసేవారు. 1907 సెప్టెంబర్‌లో బెల్లింగ్‌హామ్ అనే ఊళ్లో తెల్లవాళ్ల గుంపు వీళ్ల బసల మీద పడి కొట్టి ఊరు దాటించింది. మరుసటి ఏడాది కెనడా ఒక నిబంధన తెచ్చింది: స్వదేశంలో ఎక్కిన ఓడ మధ్యలో ఎక్కడా మారకుండా నేరుగా వస్తేనే దిగనిస్తారు. ఇండియా నుంచి అలా నేరుగా నడిచే ఓడలే లేవు కాబట్టి, తలుపు మూసేసినట్టే లెక్క. చక్రవర్తి కోసం యుద్ధాలు చేసి పతకాలు తెచ్చుకున్నవాళ్లకు ఆ చక్రవర్తి సామ్రాజ్యంలోనే ఇంకో దేశంలో కాలు పెట్టే హక్కు లేదు. జపాన్ వాళ్ల మీద దాడి జరిగితే వాళ్ల ప్రభుత్వం అడిగేది. మనవాళ్ల తరఫున అడిగే దిక్కు లేకపోయింది. బానిస దేశపు మనిషికి ఎక్కడికి వెళ్లినా గౌరవం ఉండదన్న సంగతి వాళ్లకు తెలిసొచ్చింది అక్కడే.

1913లో ఆరెగాన్ రాష్ట్రం ఆస్టోరియాలో పార్టీ పెట్టారు. అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, మిల్లు కార్మికుడు. కార్యదర్శి లాలా హర్‌దయాళ్, కోశాధికారి పండిట్ కాశీరామ్. ఆ ఏడాది నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని యుగాంతర్ ఆశ్రమం నుంచి 'గదర్' పత్రిక మొదటి సంచిక ఉర్దూలో వచ్చింది. కొన్ని వారాలకే గురుముఖి ప్రతి మొదలైంది. ఆ పనిలో ముందు నిలబడ్డవాడు కర్తార్ సింగ్ సరాభా. 1896లో పుట్టాడు, చదువుకోవడానికి కాలిఫోర్నియా వచ్చాడు, అప్పటికి అతనికి 17 ఏళ్లు.

ఈ తేదీ ఎందుకు చెప్తున్నానంటే, గదరీలు జర్మనీ డబ్బుతో ఆడిన బొమ్మలని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. పత్రిక మొదలైన నాటికి మొదటి ప్రపంచ యుద్ధమే లేదు. యుద్ధం వచ్చాక జర్మనీ సాయం తీసుకున్న మాట నిజం. పార్టీని పెట్టించింది మాత్రం బెల్లింగ్‌హామ్ లాంటి అనుభవాలు.

రహస్యం మొదట్నుంచీ లేదు. ఓటమికి మొదటి కారణం నా లెక్కలో ఇదే. గదర్ అంటే తిరుగుబాటు. మొదటి సంచికలోనే మా పేరు గదర్, మా పని గదర్, అది జరగబోయేది హిందుస్థాన్‌లో అని అచ్చు వేశారు. ఆ పత్రికను షాంఘై, హాంకాంగ్, సింగపూర్, మనీలా, పనామా దాకా పోస్టులో పంపారు. అది గదరీల చేతికి ఎంత త్వరగా చేరిందో, బ్రిటిష్ అధికారుల బల్ల మీదికీ అంతే త్వరగా చేరింది. వాంకూవర్‌లో హాప్‌కిన్సన్ అనే అధికారి కెనడా వలస శాఖలో ఉద్యోగం చేస్తూనే, సిక్కుల్లోంచి ఇన్‌ఫార్మర్లను పెట్టుకుని పార్టీ సంగతులు లాగేవాడు. 1914 అక్టోబర్ 21న మేవా సింగ్ అనే సిక్కు అతన్ని కోర్టు ఆవరణలోనే కాల్చి చంపి, మరుసటి జనవరిలో ఉరికంబమెక్కాడు. అప్పటికే సమాచారం చాలావరకు చేరాల్సిన చోటికి చేరిపోయింది.

1914 మే 23న గుర్దిత్ సింగ్ అద్దెకు తీసుకున్న కోమగతా మారు ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. రెండు నెలలు నీళ్లలోనే నిలబెట్టి, బహు కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వకుండా వెనక్కి పంపేశారు. సెప్టెంబర్ 29న కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగిన ఆ ప్రయాణికుల మీద కాల్పులు జరిగాయి, సుమారు 20 మంది చనిపోయారు. ఈ లోపలే, ఆగస్టు 4న, బ్రిటన్ యుద్ధంలోకి దిగింది.

గదరీల అంచనాలో ఇలాంటి యుద్ధం రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టాలి. ఈలోగా పార్టీని దేశంలో పాతుకునేలా చేయాలని అనుకున్నారు. ఆ టైమ్ దొరకలేదు. హర్‌దయాళ్‌ను 1914 మార్చిలోనే అమెరికా ప్రభుత్వం అరెస్టు చేసింది, ఆయన బెయిలు మీద బయటికొచ్చి స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఒక్కటే ఆలోచించారు: ఇంగ్లండ్ ఐరోపాలో చిక్కుకుంది, సిపాయిలను ఫ్రాన్స్‌కు తోలుకుపోతోంది, మళ్లీ ఇలాంటి అవకాశం రాదు. శాక్రమెంటో, ఫ్రెస్నో సభల్లో బహిరంగంగా పిలుపునిచ్చారు. పేర్లు రాయించుకున్నారు, చందాలు వేశారు. కూలి డబ్బులు దాచుకున్నవాళ్లు ఆ మూట విప్పి పార్టీకి ఇచ్చేసి ఓడెక్కారు. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 'కొరియా' అనే ఓడ బయల్దేరింది. దారిలో యోకోహామా, హాంకాంగ్, పెనాంగ్ లాంటి రేవుల్లో ఎక్కడ గురుద్వారా ఉంటే అక్కడ ప్రసంగాలు, ఎక్కడ మన పటాలం ఉంటే అక్కడ ప్రచారం.

ఇది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. అంత నిర్భయంగా చావుకు బయల్దేరిన మనుషులు అంతే నిర్భయంగా ఆ సంగతి అందరికీ చెప్పుకుంటూ వచ్చారు. ప్రభుత్వం సెప్టెంబర్ 5నే ఆర్డినెన్స్ తెచ్చి, విదేశాల నుంచి వచ్చే ఎవరినైనా నిర్బంధించే అధికారం చేతిలో పెట్టుకుంది. అక్టోబర్ మధ్యలో కలకత్తాలో ఓడ దిగుతుండగానే సోహన్ సింగ్ భక్నాను పట్టుకున్నారు. పార్టీ అధ్యక్షుడు స్వదేశపు నేల మీద ఒక్కరోజు కూడా పని చేయలేదు. అక్టోబర్ 29న తోసా మారు 173 మందితో వస్తే, వాళ్లలో సుమారు 100 మందిని నేరుగా జైలుకు తీసుకెళ్లారు. యుద్ధం మొదలైన రెండు మూడేళ్లలో తిరిగొచ్చిన వలస పంజాబీలు సుమారు 8,000 మంది. వాళ్లలో 2,500 మందిదాకా సొంత ఊరు దాటకూడదన్న ఆంక్షల్లో ఉండిపోయారు. కర్తార్ సింగ్ లాంటివాళ్లు తప్పించుకోగలిగారంటే కారణం, పోలీసుల దృష్టి కలకత్తా మీద ఉండగా వాళ్లు కొలంబో మీదుగా రావడం.

ఊళ్లు కలిసి రాలేదు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వీడియోల్లో ఇది అసలు కనపడదు.

అప్పటి భారత సైన్యంలో దాదాపు సగం పంజాబ్ నుంచే. ఇంటికొక కొడుకు సైన్యంలో ఉంటే నెలనెలా మనియార్డర్ వస్తుంది, రిటైరైతే పెన్షన్, అదృష్టం బాగుంటే లాయల్‌పూర్, సర్గోధా వైపు కొత్త కాలువల కింద భూమి. ఊరి మీద లంబర్‌దార్, కొన్ని ఊళ్లకు కలిపి జైల్‌దార్. వాళ్ల పెత్తనం ప్రభుత్వం ఇచ్చిందే. పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్ ఈ యంత్రాంగాన్ని బాగా వాడుకున్నాడు. తిరిగొచ్చిన ప్రతి మనిషి గురించి స్థానిక సిక్కు పెద్దల కమిటీలతో విచారణ చేయించి, అనుమానం ఉన్నవాణ్ణి జైల్‌దార్ పూచీకత్తు మీద ఊళ్లో కట్టేశాడు. సిక్కు ప్రముఖుల సంస్థ చీఫ్ ఖాల్సా దివాన్ అయితే గదరీలు అసలు సిక్కులే కాదు, పతితులు అని ప్రకటించింది.

దేశం మొత్తం మీద పరిస్థితి ఇంకా కష్టం. 1914 డిసెంబర్‌లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు గవర్నర్ పెంట్‌లాండ్ స్వయంగా వచ్చాడు, సభ చక్రవర్తికి విధేయత తీర్మానం చేసింది. మాండలే జైలు నుంచి అప్పుడే వచ్చిన తిలక్ కూడా యుద్ధంలో ప్రభుత్వానికి అండగా ఉండమన్నాడు. గాంధీజీ లండన్‌లో అంబులెన్స్ దళానికి మనుషులను పోగు చేస్తున్నాడు. వీళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. యుద్ధంలో సాయం చేస్తే తర్వాత స్వపరిపాలన ఇస్తారని వాళ్లు నిజంగానే నమ్మారు. కానీ అమెరికా నుంచి దిగిన గదరీ రైలెక్కి ఊరెళ్లి చూస్తే, తిరగబడదాం అనే మాట పలికే నాయకుడు కనుచూపు మేరలో లేడు.

డబ్బు కోసం వాళ్లు ఎంచుకున్న దారి పరిస్థితిని మరింత పాడుచేసింది. 1915 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సాహ్నేవాల్, మన్సూరాన్, చబ్బా గ్రామాల్లో వడ్డీ వ్యాపారుల ఇళ్ల మీద దోపిడీలు చేశారు. చబ్బాలో ఊరివాళ్లే ఎదురు తిరిగారు. అక్కడ పట్టుబడినవాళ్ల నోటి నుంచే అమృత్‌సర్ కేంద్రం నడుపుతున్న మూలా సింగ్ పేరు బయటపడింది. అతను అరెస్టయి తర్వాత అప్రూవర్‌గా మారాడు. రైతుల కోసం వచ్చినవాళ్లను రైతులే దొంగలనుకునే పరిస్థితి రావడం ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

కృపాల్ సింగ్‌కు ముందే ఎన్ని తప్పిపోయాయో చూడండి. 1914 నవంబర్‌లో లాహోర్ పక్కనున్న మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఆయుధాలు చేజిక్కించుకోవాలనుకున్నారు, కుదరలేదు. ఫిరోజ్‌పూర్ ఆయుధాగారం మీద ప్లాన్ కూడా వాయిదా పడింది. ఆ నెల 27న మోగా ఖజానా కోసం బయల్దేరిన ఒక దళం ఫిరోజ్‌షహర్ దగ్గర పోలీసుల కంటపడింది. ఎస్సై, ఒక జైల్‌దార్ చనిపోయారు. దళంలో కొందరు అక్కడే కూలిపోగా, మరికొందరు పట్టుబడ్డారు. అలా పట్టుబడి ఉరిశిక్ష పొందినవాళ్లలో కోశాధికారి కాశీరామ్ ఒకడు. కృపాల్ సింగ్ ఈ దళాల్లోకి చొరబడింది 1915 ఫిబ్రవరిలో. అంటే అప్పటికే పార్టీ అధ్యక్షుడు జైల్లో ఉన్నాడు, కోశాధికారి మీద ఉరి నీడ పడింది, కార్యదర్శి ఐరోపాలో ఉన్నాడు.

మిగిలిన ముక్కలను ఒకచోటికి చేర్చినవాడు రాస్‌బిహారీ బోస్. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో గుమాస్తాగా ఉంటూనే, 1912 డిసెంబర్ 23న ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు వేయించిన మనిషి. అమెరికా నుంచి వచ్చిన మరాఠీ యువకుడు విష్ణు గణేశ్ పింగ్లే, కాశీలో ఉన్న శచీంద్రనాథ్ సన్యాల్ మధ్యవర్తులుగా, 1915 జనవరిలో ఆయన పంజాబ్ వచ్చాడు. మొదట అమృత్‌సర్‌లో, తర్వాత లాహోర్‌లో మకాం. ఒక్క నెలలో చేసిన పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. లాహోర్, ఫిరోజ్‌పూర్, మీరట్, ఇంకా ఎన్నో కంటోన్మెంట్లకు మనుషులు వెళ్లారు. ఇంకు బాటిళ్లనే బాంబు పెంకులుగా వాడారు. టెలిగ్రాఫ్ తీగలు తెంచే కటింగ్ ప్లేయర్లు, రైలు పట్టాలు ఊడదీసే పనిముట్లు సేకరించారు. జెండాలు కుట్టించారు. పార్టీ ఎంత పేదదో, ఎంత పట్టుదలగా ఉందో ఆ వస్తువుల జాబితా చదివితే తెలుస్తుంది.

తిరుగుబాటుకు ఫిబ్రవరి 21 అనుకున్నారు. లాహోర్‌లోని 23వ అశ్వదళంలో ఉన్న బంధువు ద్వారా చేరిన కృపాల్ సింగ్ మీద అనుమానం వచ్చింది, తేదీని 19కి ముందుకు జరిపారు. కొత్త తేదీ కూడా అతనికి తెలిసిపోయింది. 19న లాహోర్‌లో గదరీలు మకాం వేసిన ఇంటి మీద పోలీసులు పడ్డారు. కంటోన్మెంట్లలో అనుమానమున్న సిపాయిల ఆయుధాలు లాగేసి, తెల్ల సైనికులను కాపలా పెట్టారు. ఆ రాత్రి కర్తార్ సింగ్, భాయ్ రణధీర్ సింగ్ పదుల సంఖ్యలో మనుషులతో ఫిరోజ్‌పూర్ చేరారు. ఎవరైనా ఆపి అడిగితే కీర్తన పాడటానికి వచ్చామని చెప్పేలా హార్మోనియం వెంట తెచ్చుకున్నారు. లోపలి నుంచి రావాల్సిన సిపాయిలు రాలేదు. ఆయుధాగారం తలుపులు తెరుచుకోలేదు. చీకట్లోనే వెనక్కి మళ్లారు.

ఇక్కడిదాకా వింటే, కృపాల్ సింగ్ లేకపోతే బాగుండేది అనే అనిపిస్తుంది. ఆ తర్వాత జరిగిందీ చూడండి. రాస్‌బిహారీ తప్పించుకుని కాశీ వెళ్లిపోయాడు. పింగ్లే పట్టు వదలకుండా మీరట్ వెళ్లాడు. మార్చి 23న 12వ అశ్వదళం లైన్లలో 10 బాంబులున్న పెట్టెతో దొరికాడు. పట్టించింది కృపాల్ సింగ్ కాదు, అదే దళానికి చెందిన నాదిర్ ఖాన్. కర్తార్ సింగ్, హర్నామ్ సింగ్ టుండీలాట్, జగత్ సింగ్ సరిహద్దు దాకా పోయి కూడా, తోటివాళ్లు జైళ్లలో ఉంటే మనం పారిపోవడమేమిటని వెనక్కి వచ్చారు. మార్చి 2న సర్గోధా దగ్గర, సైన్యానికి గుర్రాలు పెంచే ఊళ్లో, సిపాయిలను కదిలించాలని చూస్తుండగా రిసాల్దార్ గండా సింగ్ పట్టించాడు. తోసా మారులో ఒక గుంపుకు నాయకుడిగా వచ్చిన నవాబ్ ఖాన్ అప్రూవర్ అయ్యాడు. అమర్ సింగ్ కూడా అప్రూవర్ అయ్యాడు. ఇంతమంది ఇన్ని చోట్ల పట్టించారంటే అది ఒక్క మనిషి నైజం గురించిన కథగా మిగలదు. సైన్యంలోనూ ఊళ్లోనూ ముందుగా పని చేసి నమ్మకమైన మనుషులను తయారు చేసుకోకుండా, ఆ నెల రోజుల్లో కలిసిన ప్రతివాణ్ణీ నమ్మక తప్పని పరిస్థితి అది.

ఆయుధాల సంగతి. బెర్లిన్‌లో యుద్ధం మొదలైన కొద్దికాలానికే భారతీయ విప్లవకారుల కమిటీ ఏర్పడింది. జర్మన్ డబ్బుతో అమెరికాలో సుమారు 8,000 పాత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు, 40 లక్షల తూటాలు కొన్నారు. 'యానీ లార్సెన్' అనే తెరచాప ఓడ వాటిని శాన్‌డియేగోలో ఎక్కించుకుని, మెక్సికో తీరానికి దూరంగా ఉన్న సొకోరో దీవి దగ్గర 'మావరిక్' అనే మరో ఓడకు అందించాలి. రెండూ కలుసుకోలేకపోయాయి. నీళ్లు అయిపోయి యానీ లార్సెన్ వెళ్లిపోయాక మావరిక్ వచ్చింది. 1915 జూన్ చివర్లో యానీ లార్సెన్ వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక రేవు చేరితే, సరుకంతా అమెరికా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. మావరిక్ ఖాళీగా బటావియా (నేటి జకార్తా) చేరింది.

ఇక్కడ తేదీలు గమనించాలి. యానీ లార్సెన్ బయల్దేరింది మార్చిలో, తిరుగుబాటు రోజు ఫిబ్రవరి 19. అన్నీ అనుకున్నట్టు జరిగినా ఆ రైఫిళ్లు పంజాబ్‌కు అందేవి కావు. అవి అసలు ఉద్దేశించింది బెంగాల్, బర్మా వైపు. బెంగాల్‌లో ఆ ఓడ కోసం ఎదురుచూసిన విప్లవకారుడు బాఘా జతీన్ 1915 సెప్టెంబర్ 9న బాలాసోర్ దగ్గర నలుగురు అనుచరులతో పోలీసు దళాన్ని మౌజర్ పిస్తోళ్లతో ఎదుర్కొని, మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. పంజాబ్, బెంగాల్, బెర్లిన్, శాన్‌ఫ్రాన్సిస్కో ఎక్కడికక్కడే. ఒకరి తేదీ మరొకరికి అందే సాధనం లేదు. ఉత్తరాలన్నీ సెన్సార్ గుండా పోవాల్సిందే.

"అతను లేకపోతే" అన్న మీ ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. మీ వైపు బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాచను. యుద్ధం తొలి నెలల్లో ఇండియాలో తెల్ల సైనికుల సంఖ్య కొన్ని వారాలపాటు సుమారు 15,000కు పడిపోయిందని హార్డింజే తర్వాత రాశాడు. ఫిబ్రవరి 15న సింగపూర్‌లో 5వ లైట్ ఇన్‌ఫంట్రీ సిపాయిలు నిజంగానే తిరగబడి కొన్ని రోజులు ఊరిని వణికించారు. కాబట్టి తిరుగుబాటు ఊహాలోకం కాదు, ఒకచోట జరిగింది కూడా.

కానీ ఆ సింగపూర్ కథ చివరిదాకా చదవండి. మద్రాసు మీద 1914 సెప్టెంబర్ 22న గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ నావికులు కొందరు అక్కడి శిబిరంలో బందీలుగా ఉన్నారు. సిపాయిలు గేట్లు తెరిచి కలిసి రమ్మంటే ఎక్కువమంది జర్మన్లు కదల్లేదు. ఫ్రెంచ్, రష్యన్, జపాన్ ఓడల నుంచి మనుషులు దిగి బ్రిటిష్‌వాళ్లకు తోడు నిలిచారు. 47 మంది సిపాయిలను జైలు గోడ ముందు నిలబెట్టి జనం చూస్తుండగా కాల్చి చంపారు. దీన్ని పూర్తిగా గదర్ ఖాతాలో వేయడం కూడా సరికాదు. తమను ముస్లిం సోదరులైన తుర్కుల మీద యుద్ధానికి పంపుతారన్న పుకారు, అధికారుల మధ్య గొడవలు, గదర్ ప్రచారం అన్నీ కలిసి రేపిన మంట అది. లాహోర్‌లో ఇలాంటిదే జరిగి ఉంటే ముందు కొన్ని రోజులు గదరీలవి అయ్యేవి. ఆ తర్వాత రైళ్ల మీద సైన్యం దిగేది. ఊళ్లు లేచి నిలబడితే తప్ప దాన్ని ఆపగలిగేది లేదు, ఊళ్లు లేవలేదని పైన చెప్పాను.

ఓటమి వెల కూడా తెలియాలి. 1915 మార్చిలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం తెచ్చి, అప్పీలు లేని ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. లాహోర్ మొదటి కుట్ర కేసులో సెప్టెంబర్ 13న తీర్పు: 24 మందికి ఉరి. వాళ్లలో 17 మందికి వైస్రాయ్ హార్డింజ్ యావజ్జీవ ప్రవాస శిక్షగా మార్చాడు. నవంబర్ 16న లాహోర్ సెంట్రల్ జైల్లో ఏడుగురిని ఉరితీశారు. కర్తార్ సింగ్, పింగ్లే, జగత్ సింగ్, హర్నామ్ సింగ్ సియాల్‌కోటీ, బఖ్షీశ్ సింగ్, సురైన్ సింగ్ అనే పేరు గలవాళ్లు ఇద్దరు. కర్తార్ సింగ్‌కు 19 ఏళ్లు. కోర్టులో దేన్నీ కాదనలేదు, ఎవరి మీదా నెట్టలేదు. ఈ కుట్రలో అతని చేయి పడని విభాగమే లేదని జడ్జీలు రాశారు. భగత్ సింగ్ తన గురువుగా భావించి ఫొటో జేబులో పెట్టుకు తిరిగింది ఇతనిదే. అనుబంధ కేసులన్నీ కలిపితే విచారించింది 291 మందిని, ఉరితీసింది 42 మందిని, 114 మందికి యావజ్జీవ ప్రవాసం, 93 మందికి రకరకాల జైలు శిక్షలు, 42 మంది విడుదల. 23వ అశ్వదళం సవార్లలో 12 మందిని సైనిక కోర్టు శిక్ష మీద విడిగా ఉరితీశారు. వాళ్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేవు, ఉండాలి.

ఆ యుద్ధకాలపు చట్టం గడువు ముగియబోతుంటే దాన్ని ఏదో రూపంలో కొనసాగించడానికే రౌలట్ కమిటీని వేశారు. 1919 రౌలట్ చట్టం, దాని మీద సత్యాగ్రహం, జలియన్‌వాలాబాగ్ ఆ వరుసలో వచ్చినవే. అదే ఓడ్వయర్, అదే పంజాబ్. 1915 గదర్ చదవకుండా 1919 అర్థం కాదని క్లాసులో నేను చెప్పేది ఇందుకే.

మీరు అడగకపోయినా ఒక మాట. రాస్‌బిహారీ 1915 మేలో టాగోర్ కుటుంబీకుడి పేరుతో జపాన్ ఓడెక్కి వెళ్లిపోయాడు. 1943 జులైలో సింగపూర్‌లో సుభాష్ బోస్‌కు నాయకత్వం అప్పగించింది ఆయనే. 1915లో కంటోన్మెంట్ గేటు బయట నిలబడి సిపాయి కోసం ఎదురుచూసిన మనిషికి, ఈసారి జపాన్ చేతిలో బందీలైన వేలమంది భారత సైనికులు దొరికారు. ఆజాద్ హింద్ ఫౌజ్ కట్టగలిగింది అందువల్ల.

ఇక తెలుగువాళ్లు. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య గారు 1912లో అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్ పార్టీలో చేరారు. పంజాబీ కూలీల మధ్య కొద్దిమంది దక్షిణాది విద్యార్థుల్లో ఆయనొకరు. యుద్ధ సమయంలో సయాం (నేటి థాయ్‌లాండ్) మీదుగా బర్మా వైపు తిరుగుబాటు లేపాలన్న పథకంలో వెళ్లి, 1915లో బ్యాంకాక్‌లో పట్టుబడి కొన్నేళ్లు జైల్లో ఉన్నారు. విడుదలయ్యాక మద్రాసులో ఉంటూ సంఘ సంస్కరణ పనిలో పడ్డారు. ఆయన ఆత్మకథ తెలుగులోనే ఉంది. గదర్ ఉద్యమాన్ని లోపలి నుంచి చూసిన మనిషి మన భాషలో రాసిన మాటలు కాబట్టి, వీడియోల కంటే ముందు అది చదవండి. పోలీసుల కాగితాల్లో కుట్రదారులుగా మాత్రమే కనిపించే మనుషులు అందులో తిని, తిరిగి, చదువుకుని, వాదించుకునే కుర్రవాళ్లుగా కనిపిస్తారు.

హైదరాబాద్‌కు కూడా ఒక సంబంధం ఉంది. బెర్లిన్ కమిటీని ముందుండి నడిపిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1880లో హైదరాబాద్‌లో పుట్టాడు. సరోజినీ నాయుడుకు తమ్ముడు. తండ్రి అఘోరనాథ్ ఇక్కడి నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్. యుద్ధం తర్వాత స్వదేశానికి తిరిగి రాలేకపోయాడు. చివరికి సోవియట్ యూనియన్ చేరి, 1937లో స్టాలిన్ కాలపు అణచివేతలో కాల్పులకు గురయ్యాడు. అక్క గోల్డెన్ త్రెషోల్డ్ ఇంటి ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లలో ఈ తమ్ముడి సంగతి తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

పంజాబ్ వైపు వెళ్లే పనుంటే జలంధర్‌లో దేశ్ భగత్ యాద్‌గార్ హాల్ చూడండి. శిక్షలు ముగించుకుని వచ్చిన గదరీ బాబాలు, వాళ్ల అభిమానులు కలిసి కట్టుకున్న భవనం అది. ఏటా పత్రిక పుట్టిన నవంబర్ 1కి అక్కడ మేళా జరుగుతుంది. సోహన్ సింగ్ భక్నా అండమాన్‌తో సహా 16 ఏళ్లు జైళ్లలో గడిపి 1930లో బయటికొచ్చి, రైతు ఉద్యమంలో పనిచేసి, 1968 దాకా బతికాడు. ఆయన గురించి ప్రత్యేకంగా ఏమైనా అడగాలనుకుంటే కింద రాయండి, నాకు తెలిసినంత చెప్తాను.